ఆరో కాలమ్

మ్లావా నది ఒడ్డున, మా ఊరి ఫైర్ స్టేషన్‌లో
నీళ్ల బండిని బయటి వానలోకి తోసి
ఆ జాగాలో నాకు బల్ల వేశారు.
ముప్పై రోజుల గడువు.
ఎవరిది, ఎక్కడిది అని అడగొద్దని పైనుంచి ఉత్తర్వు.
నా పని రాసుకోవడం.
రకం, నంబరు, తూటాలు,
పనిచేస్తుందా లేదా, తేదీ.
ఆరో కాలమ్ రిమార్కులు.
దాన్ని ఖాళీగా వదిలేయమన్నారు.

మొదటిరోజు ఈగ కూడా వాలలేదు.
రెండోరోజు మిలున్కా ముసలమ్మ వచ్చింది
కూరగాయల సంచిలో, ఉల్లికాడల కింద
రెండు గ్రెనేడ్లు పెట్టుకుని, బస్సులో.
"కుదుపులకి ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నా నాయనా,
మెల్లగా పోనిమ్మంటే డ్రైవరు విసుక్కున్నాడు"
అందరం నవ్వాం.
నవ్వాక
కాసేపు ఎవరూ ఆ సంచి వైపు చూడలేదు.

తిహోమిర్ మాత్రం ఉత్త చేతులతో వచ్చాడు, పోట్లాటకి.
కొండమీద అతనికి నూటపది గొర్రెలు.
"తోడేలు మీ నోటీసు చదువుతుందా?
మీ జీపు నా గడప తొక్కేసరికి
పొయ్యిలో రొట్టె మాడి, చల్లారి, రాయవుతుంది.
ఎక్కడో ఎవడో పాపం చేస్తే
నా గోడమీది తుపాకీ తలవంచుకోవాలా?"
బల్లమీద గుద్దాడు.
సిరా సీసా ఒలికింది. తనే చేతిగుడ్డతో తుడిచాడు.

వరసలో ఉన్న బడి పంతులమ్మ దెసాంకా
గొడుగు ముడుస్తూ అంది:
"తలుపు గట్టిగా పడితే చాలు
మా క్లాసులో ముప్పై ఒక్క తలలు
ఒక్కసారే బల్లల కిందికి పోతాయి.
నేర్పింది నేనే.
ఎక్కాలు నేర్పినంత ఓపిగ్గా నేర్పాను.
నీ గొర్రెలకి నువ్వున్నావు తిహోమిర్.
నా చేతిలో సుద్దముక్క ఉంది."

అతను నోరు తెరిచి, మూశాడు.
తర్వాత తన మనవరాలు ఏ వరసలో కూర్చుంటుందని అడిగాడు.
కిటికీ పక్కన, అంది ఆవిడ.
తుపాకీ అయితే ఇవ్వలేదు. వెళ్లిపోయాడు.
ఇద్దరి మాటా నిజమే అనిపించింది నాకు,
ఒక్క ఒరలో ఇమడని నిజాలు.
నేనేమీ అనలేదు. జవాబులకి కాదు కదా నా జీతం.

పంతొమ్మిదో రోజు, మూసేవేళకి
రాదోయ్కా వచ్చింది.
పసిపిల్లల ఊలు దుప్పట్లో చుట్టిన వేటతుపాకీ.
మొగుడు పోయి నలభై రోజులు దాటలేదు.
రకం రాశాను, నంబరు రాశాను.
"పనిచేస్తుందా?" అన్నాను.
"పేలడం నేనెప్పుడూ వినలేదు" అంది.
"భోజనాల బల్లకి ఎదురుగా ఉండేది.
ఆయన దాని వైపు ఒకసారి చూసేవాడు.
నేను మాట మధ్యలో ఆపేసేదాన్ని.
ఇరవయ్యారేళ్లు."

నాలుగో కాలమ్‌లో
అవును అని రాయాలా, కాదు అని రాయాలా?
'పనిచేసింది' అని రాశాను.
పైవాళ్లు తప్పు పడితే పడనీ.
దుప్పటి మాత్రం ఇవ్వనంది.
విప్పి, దులిపి, మడత పెట్టుకుని
దాన్ని చంకలో పెట్టుకుని పోయింది.

ఆ రాత్రి మా ఇంట్లో
బీరువా మీది తాళంచెవి కోసం చెయ్యి చాపాను.
చలికాలం బూట్ల వెనక, అట్టపెట్టెలో
నాన్న ఇచ్చిన పిస్తోలు.
ఏడాదికోసారి నూనె రాసి పెట్టేస్తాను,
ఎందుకో నాకే తెలీదు.
తిహోమిర్‌తో ఏమీ అనకపోవడానికి
జీతం కాదు కారణం.

బీరువా మీద దుమ్ములో
వేళ్ల గుర్తులున్నాయి.
నావి కావు.
చిన్నవి.
పక్కగదిలో స్తెవాన్ నిద్రపోతున్నాడు,
మొన్ననే పదకొండు నిండాయి,
కుర్చీ ఎక్కితే అందుతుంది.

పొద్దున కురుస్తూనే ఉంది.
వరసలో నిలబడాలో, నా కుర్చీలో కూర్చోవాలో
తేల్చుకోకుండానే బస్సెక్కాను,
ఒళ్లో అట్టపెట్టె.
వంతెన దగ్గర గుంతలు.
మెల్లగా పోనిమ్మన్నాను.
డ్రైవరు విసుక్కున్నాడు.