భూములు సమానమైతే

ఆదివారం పది గంటలకు
దేవరకొండ బాయ్స్ హైస్కూల్ల
ఎనిమిదో తరగతి పిల్లల బెంచీలు.
మోకాళ్లు పట్టక అడ్డం తిరిగి కూసుంటం.
నా పక్కకు డిపోల టైర్లు మార్చే జంగయ్య,
ముంగట అంగన్‌వాడీ ఆయా సాలమ్మ,
అందరిదీ ఓపెన్ టెన్తే.
నాకింక నాలుగేండ్ల సర్వీసు, ఒక్క ప్రమోషను.

ఖాసిం సార్ బోర్డు మీద రాసిండు:
భూములు సమానమైతే
భాగహారంల ఘాతాలు తీసివేయాలె.

నేను పెన్ను కింద పెట్టిన.
సార్, నేను చైన్‌మన్‌ను.
ఇరవై రెండేండ్ల సంది
కందిచేన్లల్ల, పల్లేరుకాయలల్ల
ముప్పైమూడడుగుల గొలుసు గుంజుతున్న.
భాగాలు పంచంగ శానా చూసిన.
భూములు సమానమైంది
ఒక్కనాడు చూడలే.

క్లాసు క్లాసంతా నవ్వింది.
"గా భూమి కాదయ్యా,
కింద నిలబడ్డ ఎక్సు, గదీ భూమి.
నెత్తి మీద చిన్నగ రాసింది ఘాతం."
ఘాతమంటే దెబ్బ గద సార్, అన్నది సాలమ్మ.
సార్ చాక్‌పీసు చేతులనే ఉన్నది,
జవాబు జెప్పలే.

పైన ఐదు ఎక్సులు వరుసగ నిలబెట్టిండు,
గీత గీసి కింద మూడు.
పైదొకటి కిందిదొకటి, కొట్టేయుమన్నడు.
కొట్టేసిన. పైన రెండు మిగిలినయి.
ఐదుల నుంచి మూడు పోతే రెండు,
గింతేనా?
గింతే.

అప్పుడు నాకు గుంట యాదికొచ్చింది.
గొలుసు ఇంటు గొలుసు ఒక గుంట,
ముప్పైమూడు నెత్తిన రెండు.
దాన్ని గొలుసుతోని భాగిస్తే
మళ్ల గొలుసే చేతికొస్తది.
గిన్నేండ్లు నేను కొలిసింది గిదేనా!
పేరు తెల్వక మోసిన.

మరుసటి వారం ఇంటిలెక్క తప్పు వోయింది.
ఎక్స్ ప్లస్ మూడు బై ఎక్స్.
పైన ఎక్సున్నది, కింద ఎక్సున్నది,
రెండు కొట్టేసి మూడని రాసిన.
సార్ ఎర్రపెన్నుతోని చుట్టు గీసిండు:
"గుణకారంల ఉంటే తీసెయ్యి.
కూడికల చెయ్యి పట్టుకున్నోణ్ణి
ఒక్కణ్ణే ఎట్ల గుంజుతవు?"
చందంపేట దిక్కు పోయిన ఎండకాలం
నేను గొలుసు పరిసిన అన్నదమ్ములు యాదికొచ్చిండ్రు.
అమ్మను ఎవరి దిక్కు రాయాలెనో
సర్వేయర్ అడిగిండు, ఇద్దరూ నేల చూసిండ్రు.

మూడు బై మూడు ఘాతాల కాడ మళ్ల లొల్లి.
పైన మూడు, కింద మూడు,
అన్ని కొట్టేస్తే సున్న గద సార్?
జంగయ్య గూడ సున్ననే అన్నడు.
సాలమ్మ టిఫిన్ డబ్బా ఇప్పింది.
"ఎనిమిది జొన్నరొట్టెలు, ఎనిమిది మందిమి.
మనిషికి సున్ననా?"
ఒకటి, అన్నడు సార్, రొట్టె తుంచుకుంట.
ఎక్స్ నెత్తిన సున్న ఉంటే ఒకటి.
ఎక్సే సున్న అయితే మాత్రం
గా లెక్క మన తరగతిది కాదన్నడు.

కింద ఎక్కువుంటే మైనస్ వస్తదట.
మైనస్ అంటే లేకపోవుడేమో అనుకున్న.
కాదు, కింద ఉండుడు.
మా ఊరి నీళ్ల లెక్క,
ఆరు వందల ఫీట్ల కింద.

మంగళారం డిండి దిక్కు డ్యూటీ.
కొత్త సర్వేయర్ మిషిన్ తెచ్చిండు,
గొలుసు జీపులనే ఉన్నది.
పని లేక హద్దురాయి నీడకు కూసున్న.
సుద్దతోని రాయి మీద రాసిన,
ముప్పైమూడు నెత్తిన రెండు,
గీత,
కింద ముప్పైమూడు.

చిన్నోడు వచ్చి చూసిండు.
వాని కన్ను మీద కట్టు,
గట్టు కాడ అన్న కొట్టిందట.
"గదేంది, మా వాటానా?"

మీ గుంటనే, అన్న.
రెండు దెబ్బలున్నయి దీని నెత్తి మీద.
ఒకటి తీసేస్తున్న.

వాడు కూసున్నడు.
"రెండోది?" అన్నడు.

గది వచ్చే ఆదివారం జెప్తరు.