అయిదింటి గోలి

మా నాయిన ఆజంజాహి మిల్లుల ఉన్నప్పుడు
సైరన్ కూస్తే కొత్తవాడ మొత్తం లేచేది.
మిల్లు పోయింది. సైరన్ పోయింది.
ఇప్పుడు మా ఇంట్ల అయిదింటికి ఫోన్ కూస్తది,
అనసూర్య లేస్తది,
నేను నీళ్ల గ్లాసు పట్టుకొని నిలబడ్త,
షిఫ్టు ఎక్కినట్టే.

రాత్రి బువ్వ అరిగినంక
పొద్దటి చాయ పొయ్యి ఎక్కకముందు
ఖాళీ కడుపుల ఒక్క గోలి.
మింగినంక గంటసేపు ఏం ముట్టొద్దు.
ముప్పై రెండేండ్ల కాపురంల
ఆమె చాయకు ఎదురుచూసుడు
ఇప్పుడే చూస్తున్న.

ఒక్క బీడీ ముట్టిన మనిషి గాదు.
ఎండకాలం మూడు నెలలు
ఏనుమాముల యార్డుల మిర్పకాయ తొడిమెలు తీసేది.
ఆ ఘాటు దగ్గే అనుకున్నం.
ఏడాది అట్లనే అనుకున్నం.
ఊపిరితిత్తిల ముక్క తీసి పరీక్షకు పంపితె
ఈ గోలికి లొంగే రకమని తేలింది.
అదృష్టం, అన్నడు డాక్టరు.
ఆ మాట ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక
బస్సు టికెట్టుతోని జేబుల పెట్టుకొని వచ్చిన.

మొదటి వారం గొంతు దిగలె.
నూరి నీళ్లల్ల కలుపుదామని
రోకలిబండ చేతుల పట్టిన.
కోడలు రవళి తలుపు కాడ్నుంచే అరిచింది:
"మామయ్యా, నూరొద్దు, ఇరగ్గొట్టొద్దు!
దిగకపోతే నర్సునడుగుదాం!"
ఆ పిల్లకు ఆరో నెల.
ఇంటి తాళాలన్నీ ఆమెవే,
ఆ ఒక్క డబ్బా తప్ప.
గోలి ఆమె చెయ్యికి తాకొద్దట.
ఎనుకకు జరిగి నిలబడి
నా చేతులు కడిగిచ్చేదాంక కదల్లె.

గుండెల మంటంటే
పక్కింటి కౌసల్యమ్మ గ్యాస్ గోలి తెచ్చింది,
మా వాడల చాక్లెట్ పంచినట్టు పంచుతరు.
అడగకుండ ఏసుకుంటే
అసలు మందును ఒంటికి పట్టనియ్యదని
అప్పటికే చెప్పి పంపిండ్రు.
ములుగు బావమరిది ఇచ్చిన ఏరు పొడి గూడ
దసరా నుంచి అటుక మీదనే ఉన్నది.
"తాగుతున్నవా?" అంటడు ఫోన్ల.
"డాక్టర్నడిగి" అంట.
రెండు వారాలు అలిగిండు.

నెల తిరగకముందే మొఖం నిండ మొటిమెలు.
యాభై నాలుగేండ్ల మనిషి అద్దం ముందల,
"పదో తరగతిల గూడ ఇన్ని లెవ్వు" అని నవ్వింది.
నవ్వంగనే పెదవి పగిలి నెత్తురు.
డాక్టరిచ్చిన పూత రాసుడు, ఎండల గొడుగు పట్టుడు నా పని.
కడుపు ఎన్నిసార్లు జారిందో లెక్క రాసుడు నా పని,
నాలుగు దాటితే ఆస్పత్రికి ఫోన్.
దగ్గు కొత్తగ మొదలైతే, ఆయాసమొస్తే
అర్ధరాత్రైనా ఆటో కట్టాలె.
ఆ నంబరు మగ్గం గుంజకు
బొగ్గుతోని రాసిపెట్టిన.

పరకాల పెండ్లికి పోయిన్నాడు మర్చినం.
డబ్బా ఇంట్లనే.
తెల్లారి రెండు గోలీలు అరచేతుల పోస్తె
ఆమె చేతుల దిక్కే చూసింది.
"ఏమయ్యా, జంపఖాన నేస్తవు గదా,
పేక పోగు ఒకటి తప్పితె
తర్వాతి వరసల రెండు ఏస్తవా?"
ఏయ్య.
అంచు వంకర పోతది.
ఒకటి మళ్ల డబ్బాల ఏసిన.
నర్సుకు ఫోన్ చేస్తె ఆమె గూడ అదే చెప్పింది,
పోయినరోజు పోయినట్టే, రెండు ఏసుకోవద్దని,
కాని ఇంత మంచిగ గాదు.

మూడు నెలల స్కానుల
మచ్చ చిన్నగైందన్నడు డాక్టరు.
పోయింది అనలె.
అంటడేమోనని కుర్చీల కొంచెంసేపు కూసున్నం.
బస్సుల కిటికీ దిక్కు తిరిగి అడిగింది,
"గోలీలు ఎన్ని మిగిలినయ్?"
"పదకొండు."
"ఏడు గాకముందే తెద్దాం.
నడుమ సందు ఉండొద్దు."

ఇయ్యాల పొద్దున
గోలి మింగి, చాయకు గంట ఉండంగ
రాట్నం ముందల కూసున్నది.
శ్రావణం తర్వాత ఇదే మొదలు.
నేను ఏమన్లె,
అంటే లేస్తదని.
గంటల నాలుగు కండెలు చుట్టింది,
రెండు వదులు.
అయిదోది సగంల ఉండంగ చాయ ఇచ్చిన.
ఒక్క గుక్క తాగి
మొఖం చిట్లించి అన్నది,
"అల్లం ఎక్కువైంది."