నలభై ఒక్క కవర్లు

ఈ ఏడు కూడా క్రిస్మస్ ఉత్తరం నేనే రాస్తున్నాను.
ఆర్విడ్‌ని రాయమంటే
"అందరం బాగున్నాం. మంచు ఎక్కువ" అని
ఏడాదిని రెండు ముక్కల్లో చుట్టేసి
గరాజ్‌లోకి పోయాడు.

బయట మైనస్ ఇరవై రెండు.
సుపీరియర్ సరస్సు ఇంకా గడ్డకట్టలేదు,
పొయ్యి మీద మరిచిపోయిన ఎసరులా పొగలు కక్కుతోంది.
వంటింటి బల్ల మీద నలభై ఒక్క కవర్లు,
నలభై స్టాంపులు.
లెక్క ఎక్కడ తప్పిందో తర్వాత చూద్దాం.

జనవరిలో ఫర్నేస్ చచ్చింది.
మెకానిక్ దేనికి, నేను లేనూ? అన్నాడు ఆర్విడ్.
రెండు రోజులు బాగుచేశాడు.
మూడో రోజు మెకానిక్ వచ్చి
ముందు ఆర్విడ్ చేసిన బాగును బాగుచేసి
ఆపైన ఫర్నేస్ సంగతి చూశాడు.
రెండింటికీ వేర్వేరు బిల్లులు.
ఆ రాత్రులు ఐదుగురం, కుక్కతో ఆరుగురం
పెరట్లోని సావ్నా గదిలో పడుకున్నాం,
ఒకరి మోచెయ్యి ఒకరి పక్కటెముకల్లో.
మళ్ళీ ఎప్పుడు చెడిపోతుందని
పిల్లలు ఇప్పటికీ అడుగుతారు.

మార్చిలో లాంగ్ లేక్ మీద
చేపలకని వెళ్ళిన మా ట్రక్కు
మంచు పగిలి తనే నీళ్ళలో దిగింది.
ముందు చక్రాల దాకానే.
పక్కింటి డెల్‌బర్ట్ ట్రాక్టర్‌తో లాగాడు.
ఊరి పేపర్లో ఫొటో పడింది.
దేవుడి దయ, ఆర్విడ్ మొహం కనబడలేదు.
నంబర్ ప్లేటు మాత్రం దివ్యంగా కనబడింది.

సిగ్నేకి పద్నాలుగు. ట్రాంబోన్ నేర్చుకుంటోంది.
స్కూల్లో వాయిద్యాలు పంచిన రోజు జలుబు,
ఆలస్యంగా వెళితే మిగిలింది అదే.
మొదటి నెల కుక్క ఇల్లు విడిచి
డెల్‌బర్ట్ వరండాలో కాపురం పెట్టింది.
ఇప్పుడు తిరిగొచ్చింది.
అంటే పిల్ల బాగా వాయిస్తున్నట్టు,
లేదా కుక్కకు చెవుడొచ్చినట్టు.

ఓలి ఊడిన పన్నును పేస్టీతో పాటు మింగేశాడు.
దిండు కింద పళ్ళ దేవతకు చీటీ పెట్టాడు:
"పన్ను లోపలే ఉంది. రేపటిదాకా ఆగితే ఇస్తాను."
ఆవిడ ఆగలేదు. డాలర్ పెట్టి పారిపోయింది.

అత్తగారు ఇంపికి ఎనభై ఎనిమిది.
కాఫీ మానమన్నాడు డాక్టర్.
ఆమె డాక్టర్‌ని మానేసింది.

వేసవిలో గని పది వారాలు మూసేశారు.
ఆ సంగతి పెద్దగా రాయను.
ఒక పొద్దున తలుపు తెరిస్తే
మెట్ల పక్కన చలికాలానికంతా సరిపడా
చీల్చి పేర్చిన కట్టెలు.
ఎవరూ ఒప్పుకోలేదు.
డెల్‌బర్ట్ మాత్రం వారం రోజులు
నడుం పట్టుకుని నడిచాడు.

మే నెలలో ఇంపి తమ్ముడు రేనో పోయాడు.
పందొమ్మిదేళ్ళు మా ఉత్తరాలు అందుకుని
ఒక్కదానికీ జవాబు రాయని మనిషి.
ఇల్లు ఖాళీ చేస్తుంటే
స్పూన్ల అరలో అన్నీ దొరికాయి, వరసగా,
మార్జిన్ల నిండా పెన్సిల్ రాతలు.
మేం పట్టామన్న చేప పొడవు కొట్టేసి
సగం వేశాడు.
"వాన పడలేదు, నేనక్కడే ఉన్నాను."
"లెనోర్ తన జ్వరం సంగతి రాయలేదేం?"
ఎప్పటి జ్వరమో. నాకే గుర్తులేదు.

నిన్న రాత్రి అలవాటు కొద్దీ
అతని పేరు మీద కూడా కవరు రాశాను.
అదీ లెక్క తప్పిన చోటు.

పారేయబోతే ఇంపి చెయ్యి చాపింది.
"ఇటియ్యి. వాడి పని ఎవరో ఒకరు చూడాలిగా."
కళ్ళజోడు తుడుచుకుంది,
పెన్సిల్ మొన నాలుక మీద తడుపుకుంది,
మొదటి పేజీలోనే ఆగింది.

సరే, సరే.
ముందు చక్రాల దాకా కాదు,
డ్యాష్‌బోర్డు దాకా.