న్యూట్రల్‌లో ఉన్న బండి

తెల్లారి నాలుగున్నర. చీమకుర్తి రోడ్డు మీద
రాతిపొడి మంచులో నాని
నాలిక మీద సున్నంలా తగుల్తోంది.
మాలకొండయ్య షెడ్డు ముందు బండి ఆపి
దిగకుండానే అరిచాడు:
"ఏందబ్బయ్యా ఇది,
న్యూట్రల్‌లో పెట్టినా నడుస్తా ఉంది!"

గేరు కర్ర లేని బండి.
ఉన్నవి రెండే పెడళ్లు, రెండూ కుడికాలివే.
ఎడమకాలు పని పోయిన మనిషిలా
చెప్పు విడిచి ఒక పక్కన కూర్చుంది.
కుడికాలు బ్రేకు మీద కొయ్యబారింది.

ముందు టైరుకి చెక్క అడ్డం పెట్టి
కాలు తియ్యమన్నాను.
బండి మెల్లగా వచ్చి,
పడుకున్న కుక్కని దూడ మూతితో నెట్టినట్టు
చెక్కని నెట్టి చూసింది.

మొన్న కాటా దగ్గర జరిగిందంట.
వీపు మీద ముప్పై టన్నుల నల్లరాయి.
ముందు బండి తోకకీ ఈ బండి మూతికీ మధ్య నిలబడి
చీటీ రాసుకుంటున్నాడు సుభానీ,
పందొమ్మిదేళ్లవాడు, ఇంకో పెన్ను చెవిలో.
ఎవరూ కదపని బండి
తనంతట తాను జానెడు,
ఆగి, ఇంకో జానెడు.
ఎవరో కేకేశారు. వాడు పక్కకి దూకాడు.
చీటీల పుస్తకం రెండు ఇనుముల మధ్య నలిగి
గులాబీ కాపీ ఒక్కటి మిగిలింది.

ఈ సంగతి మాలకొండయ్య మూడుసార్లు చెప్పాడు.
మూడోసారికి
జానెడు బెత్తెడయింది.

ల్యాప్‌టాప్ తగిలిస్తే తప్పేం లేదంది.
మా మేస్త్రి మీరాసాహెబు, అవేవీ లేని రోజుల్లో,
కడ్డీ మీది నూనె చుక్కని రెండు వేళ్ల మధ్య రుద్ది
వేళ్లు విడదీసి చూసేవాడు,
అరిసెలకి పాకం చూసినట్టు.
నేనూ అట్లానే చూశాను.
తీగ సాగింది.

"ఈ నూనె ఎవరు పోశారు?"
"ఓనరే. డ్రమ్ములో మిగిలిందంట.
నూనె నూనే కదా అన్నాడు."

మధ్యాహ్నానికి గేరుబాక్సు దించాం.
లోపల ఇనుప పలక, రాపిడి పలక,
మళ్లీ ఇనుప పలక,
బంతి భోజనంలో మనుషుల్లా ఒత్తుగా.
ఒత్తిడి వస్తే ఒకదాన్నొకటి పట్టుకోవాలి,
పోతే వదలాలి.
వదలడమంటే దూరం పోవడం కాదు,
గోరుమందం చోటు. అంతే.
ఆ చోట్లో పల్చని నూనె ఉండాలి.
ఇక్కడ పాకం ఉంది.
తిరిగే పలక, తిరగక్కర్లేని పలకని
వెంట లాక్కుపోతోంది.
పొద్దున చలికి మరీ ఎక్కువ.

లాగీ లాగీ వేడికి
నాలుగు ఇనుప పలకల మీద నేరేడు మచ్చలు.
గాజు బల్ల మీద పెడితే
కాల్చిన అప్పడాల్లా ఊగాయి.
దావీదు వాటిని గోనెపట్టా మీద పరిచి
ఒక్కోదాన్ని వేలితో నొక్కి వదిలి
టకటక విన్నాడు చాలాసేపు.
వాడికి పని నేర్పక్కర్లేదనిపించింది.

కొత్త పలకలు ఒంగోలు నించి
బస్సు టాపు మీద వచ్చేసరికి రెండు రోజులు.
ఆ రెండు రోజులూ మాలకొండయ్య
మస్తానమ్మ టీకొట్టు బల్ల మీదే.
ఎవరితో ఏం మాట్లాడుతున్నా
కుడిపాదం ముందుభాగం నేలని తొక్కుతూనే ఉంది.
అక్కడ మట్టిలో చిన్న గుంట,
టీ ఒలికితే నిలిచేంత.

మూడోరోజు మళ్లీ నాలుగున్నర.
కొత్త నూనె. ఇంజను ఆన్‌లో ఉంది. న్యూట్రల్.
చెక్కకీ టైరుకీ మధ్య
పత్తి పోగంత సందు పెట్టి కూర్చున్నాను.
"కాలు తియ్యి."
"తీశా."
సందు సందులాగే ఉంది.
నవ్వబోయాను.

వెనక గోడంతా ఎర్రగా వెలుగుతోంది.
"లైటు ఆరలా అన్నా," అన్నాడు దావీదు
బండి వెనకనించి.
"తీశానంటున్నా కదరా," అన్నాడు మాలకొండయ్య,
స్టీరింగు వదలకుండా.

నేను తొందరపెట్టలేదు.
చలి పొద్దు.
నూనె వేడెక్కాలి కదా.