ఆరో గడి

కాశీనగర్ తహసీలు ఆఫీసు గేటు పక్కన
నా బల్లకి మూడు కాళ్లూ, ఒక ఇటుకా.
ఒడియాలో అడిగే ఫారాల్ని
తెలుగులో విని నింపిపెడతాను. పదిహేను రూపాయలు.

పేరు, పెనిమిటి పేరు, ఊరు, వయసు
అన్నీ జారుకుంటూ వెళ్లిపోతాయి.
ఆరో గడి దగ్గర కలం ఆగుతుంది:
ఏ కారఖానాలో పని?

"కార్ఖానా ఏటి బాబూ, బట్టీకెల్తాను"
అంది దుంపల నీలాచలమ్మ.
"పిక్కల కాడికి" అంది ఆమె తోడికోడలు.
పర్లాకిమిడి బస్సు కండక్టరు అక్కడే ఆపి
"షెడ్డు, షెడ్డు" అని అరుస్తాడు.
సావుకారు గోడ మీద ఎర్రరంగుతో ఇండస్ట్రీస్,
కరెంటు బిల్లు మీద మాత్రం ఇంకా గోదాము.

నా నాలుగో తరగతి వాచకంలో దాని పేరు కర్మాగారం.
పంతులు ఆ మాటని
జీడిపిక్కని కత్తెర కింద పెట్టినట్టు
రెండుగా విరిచి చూపించాడు.
పదకొండోనాటి కర్మ చేసే ఇల్లేమో అనుకుని
చాన్నాళ్లు ఆ పేజీ తిప్పలేదు నేను.

ఇంగ్లీషు మాటని ఇక్కడెవరూ పూర్తిగా పలకరు.
ముందున్న గాలి పోయి పేట్రీ మిగుల్తుంది.
వంశధార అవతలి గట్టున గోనెమిల్లు కూస్తే
"పేట్రీ కూసింది, బేగి లెగు" అంటారు.
"మా మరిది అబద్దాల పేట్రీ" అని నవ్వుతారు.
అబద్ధాలకి దొరికిన ఆ మాట
పిక్కలకి దొరకలేదు.

ఎందుకో చెప్పింది గుమస్తా బొమ్మాళి త్రినాథ్,
నా బల్లకి ఆనుకుని కిళ్లీ నముల్తూ:
"మిషనుండి తొమ్మిది మందుంటే అది షెడ్డు.
పదో మనిషి అడుగెట్టిందా, ఫ్యాక్టరీ.
ఆ మాటొస్తే ఒంటరిగా రాదు గురూ,
ఇనస్పెక్టరొస్తాడు, పీఎఫ్ వస్తది,
ఏలు తెగితే ఆస్పత్రి చీటీ వస్తది."
అందుకని హాజరు పుస్తకంలో తొమ్మిది గీతలే.
పదో మనిషి నుంచి ముప్ఫై ఒకటో మనిషి దాకా
ఎవరూ లేరు.
పిక్కలు వాటంతటవే ఒలుచుకుంటున్నాయి.

నిన్న కొండ దిగి సుకాంతి శబర వచ్చింది,
చేతులకి మందు సాయం అడిగే ఫారంతో.
జీడినూనె తిన్న వేళ్లు.
ముద్ర వేయమంటే
కాయితం మీద నల్లటి చుక్క పడింది, గీతల్లేవు.
ఆరో గడి అడిగాను.
సవరలో ఏదో అంది.
వెనకాల నిలబడ్డ ముసలాయన నాకు అర్థం చెప్పాడు:
"దానికి మా కాడ మాట లేదు బాబూ.
'అక్కడ' అంటాం. అంతే."

అక్కడ అని రాస్తే ఆఫీసులో తీసుకోరు.
ఎదురు కొట్లో త్రినాథ్ టీ ఊదుకుంటున్నాడు.
కలం దులిపి
గుండ్రటి ఒడియా అక్షరాల్లో రాశాను: కారఖానా.
చిన్న గడి. చివరక్షరం గీత దాటింది.

డబ్బు తీసుకోలేదని చెప్పుకుంటే బాగుండేది.
తీసుకున్నాను.
ఐదు తిరిగిచ్చాను.