సున్నాకి కింద

ఆరూస్టుక్‌లో బంగాళాదుంపలు తవ్వేశాక
చూడ్డానికి మిగిలేది మంచే.
వంటింటి బల్ల మీద, కంప్యూటర్ వెలుగులో
కొరీన్ అడుగుతోంది:
"అమ్మా, పోయినేడు మన ఆదాయం ఎంత?"

అప్పుడే రాత్రి షిఫ్టు దిగి వచ్చాను,
వేళ్ళ సందుల్లో ఇంకా ఫ్యాక్టరీ వేపుడు నూనె.
బిస్కెట్ల డబ్బాలోంచి కాగితాలన్నీ కుమ్మరించాను.
ఆరు నెలలు పని. మూడు నెలలు మోకాలి ఆపరేషన్.
మిగతా మూడూ ఎలా గడిచాయో నాకే గుర్తు లేదు.
"గుర్తు లేదని రాయడానికి గడి లేదమ్మా."

మా నాన్న లియోన్స్
ప్రభుత్వం ఊరంతా పంచిన చీజ్‌ని
గుమ్మం దాటనివ్వని మనిషి.
పుచ్చుకునే చెయ్యి ఎప్పుడూ కిందే ఉంటుందనేవాడు.
నాకూ అదే నోటికొచ్చింది:
"తిరిగి కట్టక్కర్లేని డబ్బేమిటే? ఎవరి వల అది?"

కొరీన్ నవ్వలేదు.
కరెంటు బిల్లు వెనక్కి తిప్పి
పెన్సిలుతో రెండు గీతలు గీసింది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
"ఇది కాలేజీ ఖర్చు. ఇది మనం ఇచ్చుకోగలిగింది.
ఈ రెంటికీ మధ్య ఉన్నదాన్ని అవసరం అంటారు.
నాకు మార్కులొచ్చాయని ఇచ్చేది కాదు ఇది,
బాగా పరిగెత్తుతానని ఇచ్చేదీ కాదు.
ఈ ఖాళీని కొలిచి ఇస్తారు.
లోన్ అయితే నా వెంట వస్తుంది. గ్రాంట్ రాదు."

ఖాళీని కొలుస్తారా?
ఇన్నేళ్ళూ దాని మీద
ఉతికిన కర్టెన్ వేస్తూ వచ్చాను నేను.

కొన్నాళ్ళకి జవాబొచ్చింది.
మా ఇంటికి ఒక అంకె వేశారు:
మైనస్ పదిహేను వందలు.
ఇంత బాకీ పడ్డామా అని గుండె జారిపోయింది.
"బాకీ కాదమ్మా.
ఇంతకంటే కిందికి వాళ్ళ దగ్గర అంకెల్లేవు, అంతే."

సున్నాకి కింద కూడా
నిలబడే చోటుంటుందని అప్పుడు తెలిసింది.

ఫిబ్రవరిలో ఇంకో ఉత్తరం.
ఇంత తక్కువతో ఏడాదంతా ఎలా బతికారో
రాసి సంతకం పెట్టమని.
ఒళ్ళు మండిపోయింది.
బతికాం కాబట్టే కదా సంతకం పెడుతున్నాం!
పొయ్యి మీద కాఫీ మరిగి మరిగి తారయ్యేదాకా
కలం పట్టుకోలేదు.
తర్వాత రాశాను.

తమ్ముడు రోమియో నవంబరులో కొట్టిన దుప్పి, సగం మాకు.
మిషో గారి చేలో మిషను వదిలేసిన దుంపలు,
అడిగి ఏరుకున్నవి, పదకొండు గోనెలు.
పెరట్లో కట్టెలు. ఎవరు దించిపోయారో ఇప్పటికీ తెలీదు,
అనుమానం మాత్రం ఫాదర్ మీదే.
కొరీన్ శనివారపు కూలి.
నాకు చెప్పకుండా అది ఫ్రిజ్‌లో పాల డబ్బా అయ్యేది.

రాస్తూ రాస్తూ ఆగిపోయాను.
ఈ జాబితాలో లోన్ ఒక్కటీ లేదు.
ఒక్కదానికీ తిరిగి కట్టలేదు నేను.
కట్టమని ఎవరూ రాలేదు.

ఏప్రిల్లో కాలేజీ వాళ్ళ కాగితం.
ట్యూషన్ అంతా తీరింది. గదికి సగం పైగా.
పుస్తకాలకి మాత్రం ఆరు వందల డెబ్భై తక్కువ.
"ఫోన్ చేసి అడగొచ్చట, ఇంకేమైనా ఉందా అని,"
అంటూ కొరీన్ గోళ్ళు కొరుక్కుంటోంది.

గోడ మీద నాన్న ఫోటో మాట్లాడలేదు.
మాట్లాడినా వినేదాన్ని కాదు.
ఫోను దాని ముందుకి జరిపాను.

"మోకాలి సంగతి కూడా చెప్పు," అన్నాను.