నూట పన్నెండో పేజీ

లెనిన్ సెంటర్లో టార్పాలిన్ కింద
ఎంసెట్ గైడ్లకీ పాత పంచాంగాలకీ మధ్య
అరచేయంత పుస్తకం
వెన్ను విరిగి బోర్లా పడుంది.
తిప్పి చూస్తే గొడుగు.
ఎర్ర గొడుగు, కింద మనిషి లేడు.

"చివరి ఫారం ఉంది, చూసుకోండమ్మా,
తర్వాత అడగొద్దు" అన్నాడు జక్రయ్య.
నలభై రూపాయలు. బేరమాడలేదు.
నా చేతులు వణుకుతుంటే చలనుకున్నాడో ఏమో,
మే నెలలో, బెజవాడలో.

సత్యనారాయణపురంలో మస్తాన్ వలీ గారి అద్దె లైబ్రరీ:
రోజుకి పది పైసలు, అట్ట చిరిగితే పావలా.
మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసిపారేసే
దుర్మార్గులు మా పేటలో ఇద్దరుండేవాళ్లు.
దీని జోలికి మాత్రం రాలేదు, రాలేరు.

కథ ఇప్పటికీ కంఠతా వచ్చు.
రైవస్ కాలవ గట్టు మీద రాత్రి తొమ్మిదింటికి
ఒక గొడుగు నడిచిపోతుంది.
వాన ఉండదు.
మర్నాటికి ఆ వీధిలో ఒకరు తగ్గుతారు.
డిటెక్టివ్ ధూర్జటి దిగుతాడు
రోళ్లు పగిలే ఎండలో ఓవర్‌కోటు తొడుక్కుని.
నూట పన్నెండో పేజీ చివర
మేడమెట్ల కింద తడిసిన గొడుగుని చూసి
"అయితే ఇన్నాళ్లూ" అంటాడు.

అంతే. తర్వాత కుట్టుదారం.
పదహారు పేజీలు ఎవరు పట్టుకుపోయారో!
వలీ గారు కళ్లజోడు మీంచి చూసి
"ఊహించుకో తల్లీ, దానికి అద్దె లేదు" అన్నారు.

ఊహించుకున్నాను.
ఇంటి వెనక గుడివాడ రైలు పోతుంటే
కొక్కేనికున్న నాన్న గొడుగు కొద్దిగా ఊగేది.
పదకొండేళ్లు నాకు. దుప్పట్లో ముడుచుకుని
ఎవరెవర్ని హంతకుల్ని చెయ్యలేదని!
పాలు పోసే రత్తమ్మని, లెక్కల మాస్టార్ని,
ఒక రాత్రి మా అమ్మని.
అందర్నీ నిర్దోషులని వదిలేశాక
గొడుగొక్కటే మిగిలింది.

పెద్దయ్యాక దెయ్యాల కథలు రాసుకుని బతికాను,
వారపత్రికలకి, ఆ తర్వాత టీవీకి.
"ఇంత భయం మీకెక్కణ్ణించి వస్తుంది మేడమ్?" అంటే
అమ్మమ్మ చెప్పిన కథలన్నాను. అబద్ధం.
మా అమ్మమ్మకి సామెతలు తప్ప కథలు రావు.
తనంతట తెరుచుకునే తలుపు ఆ చవక పుస్తకాలది,
పై వాటాలో ఎవరూ లేని అడుగులు వాటివే,
హత్య జరిగిన నిమిషం దగ్గర ఆగిన గడియారమూ.
వాళ్లు చివర్న దీపం వెలిగించి
ఆ అడుగులకి కాళ్లు చూపించేవాళ్లు.
మా తరం దీపం ఆర్పేసింది.
అంతకు మించి మేం కనిపెట్టిందేం లేదు.

ఫారానికింత అని లెక్కగట్టి
ఏ ఆఫీసు చిత్తుకాగితాల వెనక రాశాడో,
మారుపేరు కింద దాక్కున్న ఆ గుమాస్తా.
ఆయన పేరు నేనెక్కడా ఎత్తలేదు.
అరుగు మీద వదిలిన చెప్పులు
ఇంకొకరు తొడుక్కుపోయినట్టు పోయాను.

ఇంటిదాకా ఆగలేక
సిటీ బస్సులో కిటికీ పక్కనే తెరిచాను.
నూట పదమూడు.
హంతకుడు కాంపౌండరు వైకుంఠం.
పదకొండు వందల అప్పు, ఉబ్బసం,
మశూచి మచ్చల మొహం కనపడకుండా గొడుగు.
నూట ఇరవై ఆరుకల్లా సంకెళ్లు.

అంతేనా?
ఇన్నేళ్లు నా కూడా నడిచిన చీకటి
మందు సీసాలు కడిగే చేతుల్తో
దగ్గుకుంటూ నిలబడింది.
భయం పోయింది. పోయిన చోట
పన్ను ఊడిన చిగురులా నాలుక తడుముకుంటోంది.

బస్సు మలుపు తిరిగింది.
రైలు పట్టాలు లేవు, వెడల్పాటి రోడ్డు.
అప్పుడు చూశాను,
చివరి ఫారానికి కుట్టుదారం వేరు.

నూట ఇరవై ఎనిమిది. సమాప్తం.
కింద వలీ గారి ఊదారంగు ముద్ర,
ముద్ర పక్కన పెన్సిల్‌తో
"వీడు కాదు."

గట్టిగా నొక్కి రాశారు.
వెనకట్ట తిప్పి వేలితో తడిమితే
అక్షరాలు ఇంకా తగులుతున్నాయి.
నా స్టాపు దాటిపోయింది.